ఇంజన్ ఆపించిన చిరుత

హ్లారు క్యాంపు భోజనశాలలో సాయంత్రం వేళ ఇసకేస్తే రాలదు. అందులోనూ జూలై, అక్కడ చలికాలం, బడి సెలవులు. చీకటి పడేలోగా జంతువుల పార్కు గేట్లు మూసేస్తారు కాబట్టి రోడ్ల మీదున్న బళ్ళన్నీ ఒక్కసారే లోపలికొచ్చి పడతాయి. దిగిన ప్రతివాడికీ ఆకలే, ప్రతివాడికీ నది కనిపించే టేబులే కావాలి. అటువంటి వేళ గేర్డా ఫురీ ఒక్కతే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎంతమంది అమ్మా?" అంది వడ్డించే బసాని. చంకలో మెనూ కార్డులు, చేతిలో ఎవరివో ఎంగిలి ప్లేట్లు.

"ఒక్కదాన్నే."

"ఇంకెవరైనా బండి పెట్టి వస్తున్నారా?"

"లేదమ్మా, ఎవరూ రావట్లేదు."

బసాని జాలిపడలేదు, పాపం అంత తీరిక లేదు. స్తంభం పక్కన ఇద్దరు పట్టే చిన్న టేబుల్ చూపించి పోయింది. గేర్డా చేతిసంచీ ఎదుటి కుర్చీలో పెట్టబోతుండగానే ఒక భారీ మనిషి వచ్చి ఆ కుర్చీ వీపు మీద చెయ్యేశాడు.

"ఇక్కడెవరైనా కూర్చుంటారా తానీ? మావాళ్ళు ఎక్కువైపోయారు."

"తీసుకో నాయనా."

తానీ అంటే పిన్ని అనుకోండి. ఆ జనంలో తల నెరిసిన ఆడది ఎవరికైనా తానీయే, మగవాడైతే ఊమ్. చుట్టరికం అక్కర్లేదు, కాస్త వయసుంటే చాలు. పిలుపు తియ్యగానే ఉంది గానీ కుర్చీ పోయింది. ఎదురుగా కుర్చీ కూడా లేని టేబుల్ ముందు, చుట్టూ అంత సందడిలో, ఒక్కతే కూర్చుని తినడం ఎంత సిగ్గుగా ఉంటుందో తిన్నవాళ్ళకే తెలుస్తుంది. గొర్రెమాంసం పులుసూ మొక్కజొన్న సంకటీ తెప్పించుకుని, తలెత్తకుండా సగం తిని లేచి వెళ్ళిపోయింది.

మొగుడు సారెల్ బతికుండగా వాళ్ళు ఎప్పుడూ ఇక్కడ తిన్నది లేదు. "నా మాంసం ఇంకొకడు మాడ్చి పెడితే నేను డబ్బులివ్వాలా?" అనేవాడు. ప్రతి బంగళా ముందూ నిప్పులగుంట ఉంటుంది. సాయంత్రమైతే మగవాళ్ళు పట్టకార్లు పట్టుకుని నిప్పుల చుట్టూ చేరతారు, ఆడవాళ్ళు లోపల కూరముక్కలు తరుగుతారు. గేర్డాకి నిప్పు రాజెయ్యడం చేతకాక కాదు. మొదటిరోజు మధ్యాహ్నం రాజేసింది కూడా. పొగ లేచిందో లేదో పక్క బంగళాల నుంచి ఇద్దరు మగవాళ్ళు వచ్చేశారు. "మీరు కూర్చోండి తానీ" అని పట్టకారు చేతిలోంచి లాక్కున్నారు, చక్కగా కాల్చారు, ప్లేట్లో పెట్టారు, ఇంకేమైనా కావాలా అని అడిగి, తమ పెళ్ళాంపిల్లల దగ్గరికి తాము పోయారు. ఆ మాంసం ఆవిడకి గొంతు దిగలేదు. అందుకే భోజనశాలకి వచ్చింది.

అసలు రావడమే ఎందుకంటారా? ఏడాది ముందు, బుకింగు తెరిచిన పొద్దునే, సారెల్ ఫోను పట్టుకుని కూర్చుని నది ఒడ్డు బంగళా సంపాదించాడు. ఆ తరవాత మే నెలలో ఒకరోజు గారేజీలో పడిపోయాడు, మరి లేవలేదు. రద్దు చేసుకోమని ఆడపడుచు ఎంత చెప్పినా గేర్డాకి చెయ్యి రాలేదు.

మర్నాడు పొద్దున్న గేటు తియ్యగానే బయల్దేరింది. చలి కొరికేస్తోంది. ఎండిన వాగు పక్క మట్టిరోడ్డులో ఒక పెద్ద మేడిచెట్టు ఉంది, దాని ఎదుట బండి ఆపుకుని ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంది. రస్కు ముంచుకుంది. పక్క సీటు వంక చూసింది, ఏడుపొచ్చింది, కాసేపు ఏడ్చింది.

ఆ పార్కులో ఒక మర్యాద ఉంది. బండి ఆగి ఉందంటే అందులోవాళ్ళు ఏదో జంతువుని చూస్తున్నట్టు లెక్క. వెనకొచ్చేవాడు పక్కన ఆపి అద్దం దించి, ఏం చూస్తున్నారని అడిగి తీరాలి. అడక్కుండా పోవడం పొగరు.

మొదటి బండి వచ్చింది. "ఏం కనిపించింది తానీ?"

"ఏం లేదు, కాఫీ తాగుతున్నా."

అద్దం పైకి లేచింది, బండి పోయింది, దుమ్ము మాత్రం ఆవిడ కప్పులో పడింది.

రెండో బండి వచ్చింది. ఈసారి "ఏదో పిట్ట" అంది. పిట్టకైనా ఆగుతారేమోనని. "అలాగా, మంచిది" అన్నారు. వాళ్ళూ పోయారు.

ఆవిడ రెండు రోజులుగా మనుషుల్లోనే ఉంది. ఇంతమంది పలకరించారు, ఇంతమంది తానీ అన్నారు, ఎవరూ ఒక నిమిషం నిలబడలేదు. ఒక్క నిమిషం ఆగితే వీళ్ళ సొమ్మేం పోతుంది, అనుకుంది. కోపం వచ్చింది.

మూడో బండి వచ్చింది. ముందు సీట్లలో ఒక కుర్ర మొగుడూ పెళ్ళామూ, వెనక కిటికీలో ఉన్ని టోపీ పెట్టుకున్న ఆరేళ్ళ పిల్ల.

"ఏం కనిపించింది తానీ?" అన్నాడు ఆ అబ్బాయి.

"చిరుత" అంది గేర్డా.

నోరు జారిందని అనడానికి లేదు, తెలిసే అంది. "ఇప్పుడే దిగింది. ఆ కొమ్మ మీద పడుకుని ఉండి, దిగి వాగులోకి పోయింది. మళ్ళీ రావచ్చు."

ఆ అబ్బాయి ఇంజన్ ఆపేశాడు. బండి ఒకసారి వణికి ఊరుకుంది. అంత నిశ్శబ్దంలో ఇంకో మనిషి తన పక్కన ఉండడం గేర్డాకి ఎంత సుఖంగా అనిపించిందంటే, చేసిన పనికి రావలసిన భయం కూడా రాలేదు.

గంటసేపు ఉన్నారు. అబ్బాయి పేరు రువాన్, భార్య పేరు మీకే, పిల్ల పేరు ఆన్కే. కిటికీల్లోంచి కిటికీల్లోకి ఎండుమాంసం ముక్కలు అందించుకున్నారు. సింహాలనీ ఏనుగుల్నీ చూశాం గానీ పిల్ల ఎదురుచూస్తున్నది చిరుత కోసమేనని చెప్పింది మీకే.

"అది మిమ్మల్ని చూసిందా తానీ?" అంది పిల్ల రహస్యంగా.

"చూసింది తల్లీ."

"ఏమనుకుందో?"

"ఈ ముసలమ్మ ఒక్కతీ ఇక్కడేం చేస్తోంది అనుకుని ఉంటుంది."

పిల్ల నవ్వింది. రువాన్ అన్నాడు, "సాయంత్రం మాతో భోంచెయ్యండి తానీ. చిరుత సంగతంతా చెప్పాలి."

ఆ సాయంత్రం బసాని ఆవిణ్ణి చూసి, "స్తంభం దగ్గరే కుర్చీ వేసెయ్యనా?" అంది.

"కాదమ్మా. నలుగురం."

"నిన్న ఒక్కరు, ఇవాళ నలుగురు. రేపటికి పెళ్ళివారు దిగుతారేమో. ముందే చెప్పండి, కుర్చీలు దాచి ఉంచుతా."

నలుగురితో ఆగలేదు. రువాన్ క్యాంపుకి రాగానే, ఏ జంతువు ఎక్కడ కనిపించిందో గుర్తులు పెట్టే ఆఫీసు గోడ మీది పటంలో, మేడిచెట్టు ఉన్నచోట చిరుత గుర్తు అయస్కాంతం అంటించేశాడు. ఇంకేం, క్యాంపంతా తెలిసిపోయింది. "చిరుతని చూసిన తానీ ఈవిడేనా?" అంటూ పక్క టేబుళ్ళవాళ్ళు కుర్చీలు లాక్కుని వచ్చారు. గేర్డాకి ముఖం వేడెక్కింది. ఇక చెప్పక తప్పలేదు, చెప్పడం మొదలుపెట్టాక ఆపబుద్ధి కాలేదు.

ముందు కాలొకటి కొమ్మ మీంచి కిందకి వేలాడేసి ఉందని చెప్పింది. ఎడమ చెవి చిరిగి ఉందని చెప్పింది. ఒకసారి ఆవులించి, పళ్ళన్నీ చూపించి, ఏమీ ఎరగనట్టు తల పక్కకి తిప్పుకుందని చెప్పింది. జనం ఊపిరి బిగబట్టి విన్నారు.

ఇందులో ఒక్క ముక్కా కల్పించింది కాదు. అదే చెట్టు, అదే కొమ్మ. ఎన్నో ఏళ్ళ కిందట సారెల్‌తో చూసింది. అప్పుడు సారెల్ ఆవిడ చెయ్యి నొప్పెట్టేంత గట్టిగా పట్టుకున్నాడు. వెనకొచ్చిన బళ్ళవాళ్ళు ఏం చూస్తున్నారని అడిగితే, "ఏం లేదు, పిట్ట" అని అందరినీ పంపించేశాడు. ఎంత స్వార్థమో చూడండి. ఆ పొద్దంతా చిరుత వాళ్ళిద్దరిదే. తరవాత ఎవరికీ చెప్పలేదు కూడా. ఇప్పుడు ముక్కూమొహం తెలియని ఇరవైమందికి, ఎదుట ఒక కుర్చీ నిండడం కోసం, దాన్ని పంచిపెట్టేసింది. చెబుతున్నంతసేపూ సంతోషంగా ఉంది. బంగళాకి వచ్చి తలుపు వేసుకున్నాక, మొగుడి వస్తువేదో అమ్ముకుని తిన్నట్టు అనిపించింది.

ఆ రాత్రి అందరూ ఆవిడ చుట్టూ చేరినా మూల టేబుల్ దగ్గర ఒకాయన మాత్రం లేవలేదు. ఖాకీ టోపీ, పాత స్వెట్టరు, ముందు సూపు గిన్నె. చెంచా చేత్తో పట్టుకుని, తినడం మానేసి, ప్రతి మాటా విన్నాడు. "ఎవరాయన?" అని గేర్డా అడిగితే, "వెస్సెల్ ఊమ్. ప్రతి ఏడూ వస్తాడు. ఒక్కడే వస్తాడు, ఒక్కడే పోతాడు. వెయ్యమన్నది వేస్తే తింటాడు, మాట ఆడడు" అంది బసాని.

మర్నాడు గేర్డా బండి తియ్యలేదు. భయం తెల్లారాక వచ్చింది. మేడిచెట్టు దగ్గర బళ్ళు బారులు తీరాయని మధ్యాహ్నం క్యాంపులో చెప్పుకుంటున్నారు. అదే మధ్యాహ్నం దక్షిణపు రోడ్డు మీద అడవికుక్కల మంద పిల్లలతో సహా రోడ్డు మధ్యలో పడుకుందట. ఏళ్ళ తరబడి పార్కుకి వచ్చేవాళ్ళకి కూడా కంటపడనివి, కుక్కపిల్లలు బూట్ల తాళ్ళ కోసం కొట్లాడినట్టు కొట్లాడుకుంటుంటే అందరూ చూశారట. చిరుత కోసం కాచుకు కూర్చున్నవాళ్ళు తప్ప.



సాయంత్రం రువాన్ కుటుంబం ఆవిడ టేబుల్ దగ్గరికే వచ్చింది. ఒక్కపూటలోనే అదేదో అలవాటయిపోయినట్టు, ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చున్నారు. రువాన్ ముక్కు ఎండకి ఎర్రబడింది. ఆన్కే కళ్ళు అంతకంటే ఎర్రగా ఉన్నాయి.

"రాలేదు తానీ" అంది పిల్ల. "మేం మాట్లాడలేదు కూడా. గుసగుసగా కూడా మాట్లాడలేదు."

"పోనీలే" అన్నాడు రువాన్. "దాని ఇష్టం దానిది. రేపు ఎలాగూ వెళ్ళిపోవాలి, పొద్దున్నే దక్షిణపు రోడ్డు మీంచి పోతాం. కనీసం అడవికుక్కలైనా కనిపిస్తాయేమో. కుక్కపిల్లల్ని చూస్తే ఇది చిరుతని మరిచిపోతుంది."

గేర్డా ఊపిరి పీల్చుకుంది. రేపు పిల్ల కుక్కల్ని చూస్తుంది, అబద్ధం దానంతటదే చల్లారిపోతుంది. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఈ పూట భోజనం కూడా నలుగురితో గడిచిపోతుంది.

అప్పుడు మూల టేబుల్ నుంచి వెస్సెల్ గొంతు వినిపించింది. వాడుక లేని గొంతు, మొదట బొంగురుగా వచ్చింది.

"నాకు కనిపించింది."

చుట్టుపక్కల తలలన్నీ తిరిగాయి.

"మీరంతా వెళ్ళిపోయాక. గేటు మూసే వేళకి ముందు" అన్నాడు వెస్సెల్. "అదే కొమ్మ మీద. మగది. ముందు కాలొకటి కిందకి వేలాడేసింది. ఎడమ చెవి చిరిగింది. ఆవులించి తల పక్కకి తిప్పుకుంది."

"చూశావా నాన్నా, ఉంది" అని ఆన్కే కుర్చీలోంచి దిగి ఆయన దగ్గరికి పరిగెత్తింది. జనం కదిలారు. కుర్చీలు లేచాయి, ఖాకీ టోపీ చుట్టూ మూగాయి. నిన్న గేర్డాని అడిగిన ప్రశ్నలే ఆయన్ని అడిగారు. ఎంతసేపుంది, ఎంత దగ్గర, మిమ్మల్ని చూసిందా అని. వెస్సెల్ ఒక్కొక్కదానికీ నెమ్మదిగా, నోరూరుతున్నవాడిలా జవాబు చెబుతున్నాడు. ఎవరో ఆయనకి బీరు తెప్పించారు.

 ఆ చెవి సారెల్ చూసిన చెవి. ఆ ఆవులింత సారెల్ చూసిన ఆవులింత. ఈయన నిన్న మూల కూర్చుని విని, ఉన్నదున్నట్టు ఎత్తుకుపోయాడు. ముందు గేర్డాకి మండిపోయింది. తరవాత ఆయన ముఖం చూసింది. ఆ ముఖంలోని సంతోషాన్ని తేరిపార చూడలేకపోయింది. ఎందుకు చెప్పాడో ఆ భోజనశాల మొత్తంలో ఆవిడ ఒక్కదానికే తెలుసు.

ఊరుకుందామనుకుంది. ఊరుకునేదే. కానీ రువాన్ తిరిగొచ్చి భార్యతో, "అయితే రేపు మళ్ళీ మేడిచెట్టు దగ్గరికే. దక్షిణపు రోడ్డు వద్దు. మధ్యాహ్నం దాకా కాసి, అట్నుంచటే పడమటి గేటులోంచి పోదాం" అన్నాడు.

"కుక్కపిల్లలో?" అంది మీకే.

"నాకు కుక్కపిల్లలొద్దు" అంది ఆన్కే. "ఊమ్ చూశాడు, తానీ చూసింది. నేనూ చూస్తా."

ఇంకో పొద్దంతా ఈ పిల్ల ఆ ఖాళీ కొమ్మకేసి కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంటుంది, గుసగుసలైనా ఆడకుండా. తరవాత ఇంటికి పోతుంది.

"అక్కడ చిరుత లేదు" అంది గేర్డా.

"ఏంటి తానీ?"

"నేను చూడలేదు. నిన్న పొద్దున్న నేను కాఫీ తాగుతున్నాను, అంతే. ఎప్పుడో మా ఆయనా నేనూ చూసినదాన్ని ఇప్పుడు చూసినట్టు చెప్పాను. మీరు బండి ఆపుతారని చెప్పాను. తప్పు చేశాను. రేపు దక్షిణపు రోడ్డు మీద వెళ్ళండి, పిల్లకి కుక్కల్ని చూపించండి."

ఆ మాట గట్టిగా అనలేదు గానీ ఆ క్షణానికి అందరూ వింటున్నారు. ఒకాయన వెస్సెల్ వంక తిరిగి, "మరి ఊమ్, మీరు చూసింది ఏ చెవి?" అన్నాడు. వెనకెవరో పకపకా నవ్వారు.  వెస్సెల్ టోపీ అంచు కిందికి లాక్కుని గిన్నెలోకి చూశాడు. జనం ఒక్కొక్కరే, అక్కడేదో కంపు కొట్టినట్టు, కుర్చీలు మోసుకుని ఎవరి టేబుళ్ళకి వాళ్ళు పోయారు.

ఆన్కే గేర్డాని చూస్తూ నిలబడింది. "మీరు బండి ఆపమంటే ఆపేవాళ్ళం కదా" అంది. వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది.



రువాన్ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండును. భార్య శాలువా అందుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని, "మాకు పొద్దున్నే ప్రయాణం. గుడ్ నైట్ మేడమ్" అన్నాడు. తానీ అనలేదు. బ్యాంకులో అన్నట్టు, కొట్లో అన్నట్టు, మేడమ్ అన్నాడు. అన్నింటికంటే అదే ఆవిడకి తగలవలసిన చోట తగిలింది.

నలుగురి టేబుల్ ముందు ఒక్కతే మిగిలింది.  గుమ్మం దగ్గర కొత్తగా వచ్చిన ఏడెనిమిదిమంది టేబుల్ కోసం నిలబడి ఉన్నారు. బసాని వాళ్ళనీ చూసింది, గేర్డానీ చూసింది, మూలనున్న వెస్సెల్‌నీ చూసింది. వచ్చి గేర్డా ప్లేటూ గ్లాసూ ఎత్తుకుంది.

"ఎక్కడికమ్మా?" అంది గేర్డా.

"నలుగురి టేబుల్ ఒక్కరికివ్వడానికి ఇదేం మీ ఇల్లా? రండి. అటు ఆయనా ఒక్కడే రెండు కుర్చీలు పట్టుక్కూర్చున్నాడు. ఇద్దరూ ఒకచోట తినేస్తే నాకు ఒక టేబుల్ మిగుల్తుంది."

ప్లేటు తీసుకెళ్ళి వెస్సెల్ ఎదురుగా పెట్టేసింది. ఎవర్నీ అడగలేదు. గేర్డా వెళ్ళి కూర్చుంది. కూర్చోడానికి వేరే చోటు లేదు.

ఆయన తలెత్తలేదు.  సంకటి చల్లారి గట్టిపడింది. అవతల నదిలో నీటిగుర్రాలు గుర్రుమంటున్నాయి. కొత్తవాళ్ళు నలుగురి టేబుల్ చుట్టూ సర్దుకుని అప్పుడే నవ్వుకుంటున్నారు.

"క్షమించండి" అంది చివరికి గేర్డా. "మీ గురించి నేనేమీ అనలేదు."

"అననక్కర్లేదుగా" అన్నాడు వెస్సెల్. "మీకు నిన్న రాత్రి దొరికింది. అంతమంది కూర్చున్నారు. పొద్దుపోయేదాకా కూర్చున్నారు. నాకు ఈ రాత్రి ఒక్కటీ ఉంచితే ఏం పోయేది? ఒక్క రాత్రి."

"ఆ పిల్ల..."

"పిల్ల సంగతి నాకూ తెలుసు. పిల్లకి అమ్మా ఉంది, నాన్నా ఉన్నాడు. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు చూస్తుంది." చెంచా గిన్నెలో ఠంగున పడేశాడు. "నేను ఇన్నేళ్ళుగా వస్తున్నాను. అంతమంది నా టేబుల్ దగ్గర ఎప్పుడూ కూర్చోలేదు. మీ ఆయన ఉన్నప్పుడైనా మీకు మాట్లాడ్డానికి ఒకరుండేవారు. నాకు మొదట్నించీ ఎవరూ లేరు. మీరు నోరు మూసుకుని కూర్చోవలసింది."

గేర్డా కళ్ళు నిండాయి. సారెల్ పోయాక ఈ రెండు నెలల్లో ఆవిడతో అందరూ మెత్తగానే మాట్లాడారు. పట్టకారు లాక్కున్నవాళ్ళు మెత్తగా మాట్లాడారు, మేడమ్ అన్న అబ్బాయి మెత్తగా మాట్లాడాడు. ఎదుట కూర్చుని ముఖం మీద కేకలేసిన మనిషి ఈయనొక్కడే.

"నిజమే" అంది. "మూసుకుని కూర్చోవలసింది."

ఆయన ఇంకా ఏదో తిట్టబోయి మానేశాడు. గిన్నె దగ్గరికి లాక్కుని సూపు తినడం మొదలుపెట్టాడు. కోపంగానే తిన్నాడు, ఆవిడకేసి ఒక్కసారి కూడా చూడలేదు. కానీ గిన్నె ఖాళీ అయ్యాక కూడా లేచి వెళ్ళలేదు.